ఆరు మొహాలు, మూడు మాస్కులు: బెజవాడలో ఎనిమిది ఆదివారాలు

ముందు లెక్క చెప్పేస్తాను, కథ తర్వాత. ఫీజు 3,200 రూపాయలు. ఎనిమిది ఆదివారాలు, పొద్దున పదింటి నుంచి ఒంటిగంట దాకా. బెజవాడ గవర్నర్‌పేటలో ఒక బట్టల షాపు మీద, రెండో అంతస్తులో హాలు. లిఫ్టు లేదు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఆలోచించుకోండి. మధ్యయుగంలో యూరప్ నాటకం ఎలా మొదలైంది, ఎలా పెరిగింది అన్నది సబ్జెక్టు. చెప్పేది తెలుగులోనే. డబ్బు గిట్టుబాటయిందా అంటే, అయిదో క్లాసు ఒక్కదానికే గిట్టుబాటయింది. మిగతావాటిలో మూడు బాగున్నాయి, ఒకటి రెండు ఫర్వాలేదు, మిగిలినవి నిర్వాహకుల పుణ్యమా అని పాడయ్యాయి. సంస్థ పేరు రాయను. రాస్తే ఫోన్ చేసి సంజాయిషీ చెప్తారు, అది వినే ఓపిక నాకు లేదు.

నేనెవరో చెప్పకపోతే నా మాటను ఎంతవరకు నమ్మాలో మీకు తెలీదు. గుంటూరు కొత్తపేటలో మాది నాటకాల డ్రస్సులు అద్దెకిచ్చే షాపు. మా నాన్న పెట్టింది. ఆయన రోజుల్లో శ్రీరామనవమి వచ్చిందంటే షాపులో కిరీటం మిగిలేది కాదు. హరిశ్చంద్రుడికి రాజు డ్రస్సు ఒకటి, కాటిసీనుకి ఇంకోటి, కృష్ణుడికి మూడు సైజుల్లో భుజకీర్తులు, నారదుడికి తంబూరా. ఇప్పుడు నా గిరాకీ అంతా స్కూలు వార్షికోత్సవాలే. భరతమాత, అల్లూరి సీతారామరాజు, వంకాయ, టమాటా. వంకాయకున్న డిమాండ్ దుర్యోధనుడికి లేదు. డిసెంబరులో మాత్రం చర్చీల వాళ్లు వస్తారు. గొర్రెల కాపరులు నలుగురు, తూర్పు దేశపు జ్ఞానులు ముగ్గురు, దేవదూత రెక్కలు రెండు జతలు. ఆ రెక్కల గురించి మళ్లీ చెప్తాను.

మా అమ్మాయి ఫోన్లో పాంప్లెట్ చూపించి, "నాన్నా, వేషాలు, మాస్కుల గురించి కూడా చెప్తారంట" అంది. అందుకే వెళ్లాను. లేకపోతే ఈ వయసులో నాకు యూరప్‌తో ఏం పని?

చెప్పే మాస్టారు రిటైరైన ఇంగ్లిష్ లెక్చరర్. పేరు అనవసరం. గొంతు బాగుంటుంది, చేతిలో కాగితం ఉంటే ఇంకా బాగుంటుంది. కాగితం పక్కన పెట్టి సొంతంగా చెప్పడం మొదలెడితే మాత్రం ఎటు పోతారో ఆయనకే తెలీదు. మేం ఇరవై రెండు మందిమి. పరిషత్ నాటకాలాడే ఇద్దరు, బ్యాంకులో చేసి రిటైరైన ఒకాయన, ఇంజనీరింగ్ పిల్లలు ఓ ఆరుగురు, ఇలా.

మొదటి క్లాసులో వించెస్టర్ కాగితం చదివారు. ఇంగ్లండులో 970ల్లో ఎథెల్‌వోల్డ్ అనే బిషప్పు మఠాల కోసం తయారుచేసిన నియమావళి అది. ఈస్టర్ తెల్లవారుజాము ప్రార్థనలో నలుగురు సన్యాసులు ఏం చేయాలో అందులో ఉంది. ఒకడు తెల్లటి అంగీ తొడుక్కుని, ఎవరూ గమనించకుండా వెళ్లి సమాధి దగ్గర ఖర్జూరపు మట్ట పట్టుకుని కూర్చోవాలి. మిగతా ముగ్గురు పైవస్త్రాలు కప్పుకుని, ధూపపాత్రలు పట్టుకుని, ఏదో వెతుక్కుంటున్నవాళ్లలా తడబడుతూ రావాలి. ఆ ముగ్గురూ యేసు దేహానికి సుగంధ ద్రవ్యాలు పూయడానికొచ్చిన ఆడవాళ్లు. కూర్చున్నవాడు దేవదూత. "ఎవరిని వెతుకుతున్నారు?" అంటాడు. "నజరేయుడైన యేసుని." "ఆయన ఇక్కడ లేడు, లేచాడు." తర్వాత సమాధిలోని గుడ్డ తీసి అందరికీ చూపిస్తారు, గంటలు మోగుతాయి. అంతే నాటకం. అంతా లాటిన్ పాటే.

ఆ "వెతుక్కుంటున్నవాళ్లలా" దగ్గర నేను ఆగిపోయాను. వెతకమని కాదు, వెతుకుతున్నట్టు నడవమని రాశాడాయన. మా షాపుకొచ్చే డైరెక్టర్లు కుర్రాళ్లకి చెప్పే మాట సరిగ్గా అదే. పక్కనున్న పరిషత్ ఆయన కూడా తలూపాడు.

ఇక్కడిదాకా బాగానే ఉంది. ఆ తర్వాత మాస్టారు బోర్డు మీద మెట్లు గీశారు. ముందు గర్భగుడి లాంటి చోట, తర్వాత చర్చి గుమ్మం ముందు, ఆ తర్వాత వీధిలో, చివరికి థియేటర్లో, నాటకం ఒక్కో మెట్టూ దిగుతూ వచ్చిందని. వినడానికి హాయిగా ఉంది. మూడో ఆదివారం నాటికి ఆ మెట్లు ఆయనే చెరిపేశారు. చేంబర్స్ అనే పండితుడు 1903లో రాసిన కథ అదనీ, 1965లో హార్డిసన్ దాన్ని బాగా కడిగేశాడనీ, వీధిలో స్థానిక భాషల్లో పెద్ద పెద్ద నాటకాలు ఆడుతున్నా చర్చిలో లాటిన్ పాటలు ఎక్కడికీ పోలేదనీ, రెండూ పక్కపక్కనే నడిచాయనీ చెప్పారు. చెరపాల్సిన బొమ్మ ముందు ఎందుకు గీసినట్టు? నా నోట్సులో రెండు పేజీలు కొట్టేయాల్సి వచ్చింది.

రెండో క్లాసులో నాకు కోపం వచ్చింది. రోస్వితా అని ఒక రచయిత్రి ఉంది. 10వ శతాబ్దం, జర్మనీలో గాండర్‌షైమ్ మఠం. ఆరు నాటకాలు రాసింది, లాటిన్‌లో. టెరెన్స్ అనే పాత రోమన్ హాస్య నాటకకర్త శైలి తీసుకుని, కథలు మాత్రం భక్తురాళ్లవి పెట్టింది. వాటి రాతప్రతి కాన్రాడ్ సెల్టిస్ అనే పండితుడికి దొరికి, 1501లో అచ్చయింది. ఆమెకి మాస్టారు ఇచ్చింది పది నిమిషాలు. ఆ పది నిమిషాల్లో చెప్పిన ఒక సీను చాలు, ఎంత అన్యాయమో తెలియడానికి. ఒక గవర్నరు ముగ్గురు కన్నెపిల్లల్ని వంటపాత్రల గది పక్కన బంధిస్తాడు. రాత్రి వాళ్ల మీదకి వెళ్దామని వస్తాడు. దేవుడు వాడి బుద్ధి తిప్పేస్తాడు. పిల్లలనుకుని మసి పట్టిన కుండల్ని, మూకుళ్లని వాటేసుకుని ముద్దులు పెడుతుంటాడు. ఆ పిల్లలు తలుపు సందులోంచి చూసి నవ్వుకుంటారు. బయటికొస్తే మొహం అంతా బొగ్గు. సొంత సైనికులే దయ్యమనుకుని పారిపోతారు. వెయ్యేళ్ల కిందట ఒక మఠంలో కూర్చుని ఒకావిడ రాసిన కామెడీ ఇది. ఆ రోజుల్లో దీన్ని ఆడారా, చదువుకున్నారా అని పండితుల్లో వాదన ఉందట. వాదన సంగతి ఎలా ఉన్నా, నాకైతే ఈ సీనుకి కావాల్సిన మూకుడు షాపులోనే ఉంది.

అదే రోజు హిల్డెగార్డ్ గురించి కూడా చెప్పారు. బింగెన్‌కి చెందిన సన్యాసిని, 1151 ప్రాంతంలో రాసిన సంగీత నాటకం. వినయం, ఓర్పు లాంటి సద్గుణాలన్నీ పాత్రలు, ఒక ఆత్మ కోసం సాతానుతో పోట్లాట. అందరికీ పాటలున్నాయి. సాతానుకి మాత్రం లేదు, వాడు అరవడమే. పద్య నాటకాల్లో పెరిగినవాడికి ఈ శిక్ష ఎంత పెద్దదో అర్థమవుతుంది. రాగం తీయనివ్వకుండా స్టేజీ ఎక్కించడం! మా నాన్న ఉంటే, "ఆ వేషానికి ఎవడొస్తాడ్రా" అనేవాడు.

మూడో క్లాసు ఆదాము నాటకం. 12వ శతాబ్దం మధ్యలోది. మాటలు ఆనాటి ఫ్రెంచిలో, రంగ సూచనలు లాటిన్‌లో. మాటలకన్నా ఆ సూచనలే బాగున్నాయి. స్వర్గం ఎత్తుగా కట్టాలి. చుట్టూ తెరలు, పట్టుబట్టలు వేలాడదీయాలి, లోపలున్నవాళ్లు భుజాల నుంచి పైకి మాత్రమే కనపడేలా. పూలు, పళ్లచెట్లు పెట్టాలి. ఆదాముకి ఎర్ర అంగీ, హవ్వకి తెల్లబట్టలు. ఆదాము వేసేవాడికి ముందే నేర్పాలి, జవాబు మరీ తొందరగా ఇవ్వకూడదు, మరీ ఆలస్యమూ చేయకూడదు.

భుజాల దాకా తెర ఎందుకో క్లాసులో ఒక పిల్ల అడిగింది. స్వర్గం పవిత్రత చూపించడానికని మాస్టారు ఏదో చెప్పారు. నాకు నవ్వొచ్చింది. రెండు పేజీల తర్వాత ఆ కాగితంలోనే ఉంది సమాధానం. పండు తినగానే ఆదాము జనానికి కనపడకుండా వంగి, మంచి బట్టలు విప్పేసి, అంజూరపు ఆకులు కుట్టిన పాతబట్టలు తొడుక్కోవాలి. డ్రస్ చేంజి అండీ! సైడ్ వింగ్‌లోకి వెళ్లకుండా స్టేజీ మీదే మార్చాలంటే భుజాల ఎత్తు తెర కావాలి. చెయ్యెత్తి ఇదే చెప్పాను. మాస్టారు కాగితం ఇంకోసారి చదువుకుని, "మీరు ఏం చేస్తుంటారు?" అని అడిగారు. ఆ రోజు నుంచి నన్ను ముందు వరుసలో కూర్చోబెట్టారు.

ఇక ఫిర్యాదులు, ఒకేచోట చెప్పేస్తాను. పదింటికని చెప్పి ఒక్కరోజూ పదిన్నర లోపు మొదలెట్టలేదు. నేను గుంటూరులో ఎనిమిదింటికి బండెక్కి, మంగళగిరి దాటాక కృష్ణా కెనాల్ దగ్గర సిగ్నల్ కోసం కూర్చుని, చెమటలు కక్కుతూ తొమ్మిదీ ముప్పావుకి చేరితే హాలు తాళం కూడా తీసి ఉండేది కాదు. రెండు ఏసీల్లో ఒకటి అలంకారం. రంగుల బొమ్మలతో స్పైరల్ బైండింగ్ పుస్తకం ఇస్తామన్నారు. ఇచ్చినవి జిరాక్సులు, అవి కూడా జిరాక్సుకి జిరాక్సు. "పర్సివరెన్స్ కోట" అనే 15వ శతాబ్దపు నాటకానికి స్టేజీ ప్లాను రాతప్రతిలోనే ఉంది. గుండ్రటి మైదానం, చుట్టూ నీళ్ల కందకం, మధ్యలో కోట, కోట కింద మంచం. మాకిచ్చిన కాపీలో కనపడింది ఒక నల్ల దోసె. అదే నాటకంలో బెలియల్ అనే దయ్యం చేతుల్లో, చెవుల్లో, ఆఖరికి పిర్రల్లో కూడా మందుగుండు గొట్టాలు పెట్టుకుని యుద్ధానికి రావాలని రాసి ఉంది. అది మాత్రం బాగా కనపడింది. టీ బాగుండేది. కింద సందులో అల్లం టీ, పది రూపాయలు, నిర్వాహకులకి సంబంధం లేదు.

అయిదో క్లాసు, యార్క్. దీని కోసమే ఈ రివ్యూ.

1264లో పోప్ కార్పస్ క్రిస్టీ అనే పండుగ పెట్టాడు. మే చివర్లో గానీ జూన్‌లో గానీ వస్తుంది, ఉత్తర దేశాల్లో పగలు బాగా పొడుగ్గా ఉండే కాలం. ఊరేగింపు పండుగ. ఇంగ్లండులో యార్క్ ఊళ్లో ఆ రోజున సృష్టి నుంచి ప్రళయ తీర్పు దాకా మొత్తం కథ బండ్ల మీద ఆడేవాళ్లు. ఊరి రికార్డుల్లో 1376 నుంచే ఆ బండ్ల మాట ఉంది, ఆఖరుసారి ఆడింది 1569లో. నలభై ఎనిమిది నాటకాలు, దాదాపు ఒక్కో నాటకానికీ ఒక్కో కులవృత్తి సంఘం. ఓడలు కట్టేవాళ్లకి నోవహు ఓడ. రొట్టెలు చేసేవాళ్లకి ఆఖరి భోజనం. కంసాలులకి బంగారం తెచ్చే జ్ఞానులు. మాంసం కొట్టేవాళ్లకి క్రీస్తు మరణం. ఎవరి సామాను వాళ్ల దగ్గరే ఉందిగా! పొద్దున నాలుగున్నరకి తయారుగా ఉండాలి. మామూలుగా పన్నెండు చోట్ల బండి ఆగుతుంది, ప్రతి చోటా అదే నాటకం మళ్లీ ఆడాలి. బండి ఎవరి ఇంటి ముందు ఆగాలన్నది ఊరివాళ్లు డబ్బు కట్టి దక్కించుకునేవాళ్లు. యేసు చాలా నాటకాల్లో ఉంటాడు, ఒక్కో బండికీ ఒక్కో యేసు, అంటే ఊళ్లో ఆ రోజు ఇరవైకి పైగా యేసులు తిరుగుతుంటారు. నలభై ఎనిమిదిని పన్నెండుతో హెచ్చిస్తే 576. ఇన్ని ప్రదర్శనలు ఒక్కరోజులో అయ్యే పనేనా అని బ్యాంకు ఆయన లేచి అడిగాడు. పండితులు కూడా అదే అడిగి కొట్టుకున్నారట.

నాకు కోటప్పకొండ గుర్తొచ్చింది. శివరాత్రికి ఒక్కో ఊరిదీ ఒక్కో ప్రభ, మా ప్రభ ఎత్తా మీ ప్రభ ఎత్తా అని పంతం. ఇంజనీరింగ్ కుర్రాడొకడు, "అంకుల్, అయితే ఇది మన దగ్గర నుంచే వాళ్లకి వెళ్లిందేమో" అన్నాడు. మాస్టారు ఒక్క ముక్కలో ఆపేశారు, ఆధారం లేకుండా మాట్లాడకు అని. మంచి పని చేశారు. పోలిక వేరు, బంధుత్వం వేరు.

అప్పుడు తీశారు ఆ లిస్టు. తీర్పు నాటకం ఆడేది బట్టలు, సరుకులు అమ్మే పెద్ద వర్తకుల సంఘం. 1433లో ఆ సంఘం తన సామాను మొత్తం నాటకం చూసుకునే పెద్దలకి అప్పగిస్తూ రాసుకున్న చీటీ. అప్పట్లో ఇలాంటి ఒప్పందాలు ఒకే తోలు మీద రెండుసార్లు రాసి, మధ్యలో వంకరటింకరగా కోసి చెరో ముక్కా తీసుకునేవాళ్లట. రెండు ముక్కలూ అతికితేనే నిజం. మా నాన్న బిల్లుబుక్కులో కార్బన్ పేపర్ చేసే పని అది.

లిస్టు విన్నది విన్నట్టు రాస్తున్నాను. నాలుగు చక్రాల బండి. నరకం నోరు, అంటే నరకానికి గుమ్మంలా పెట్టే మృగం నోరు. మూడు దయ్యాలకి మూడు డ్రస్సులు. దయ్యం మొహాలు ఆరు, మాస్కులు మూడు. చెడ్డ ఆత్మలకి ఇద్దరికి, మంచి ఆత్మలకి ఇద్దరికి బట్టలు. దేవదూత రెక్కలు రెండు జతలు, కొసల్లో ఇనుము. అపొస్తలులకి పసుపుపచ్చ విగ్గులు. దేవుడికి గాయాలున్న అంగీ, బంగారు పూత మాస్కు. చెక్కతో చేసిన ఇంద్రధనుస్సు రెండు ముక్కలు. దేవుడు పరలోకానికి ఎగిరేటప్పుడు కూర్చునే ఇనుప చట్రం, నాలుగు మూలలా నాలుగు తాళ్లు. పరలోకంలో పరిగెత్తడానికి ఎర్రరంగు వేసిన చిన్న దేవదూత బొమ్మలు తొమ్మిది. ఆ బొమ్మల్ని పరిగెత్తించడానికి సన్నటి పొడుగు తాడు ఒకటి.

ఆ తాడు కూడా రాశాడు! డ్రస్సులు అద్దెకిచ్చేవాడికి తెలుస్తుంది ఆ బాధ. కిరీటం పోతే అందరూ వెతుకుతారు. తాడు పోతే ఎవడూ పట్టించుకోడు, ప్రోగ్రాం రోజు మాత్రం అందరూ మన మీద పడతారు. ఆరు మొహాలు, మూడు మాస్కులు అంటే ముందొక మొహం, వెనకొక మొహం. దయ్యం వెనక్కి తిరిగినా జనాన్ని చూస్తూనే ఉంటుంది. రెక్కల కొసల్లో ఇనుము ఎందుకో నన్నడగండి. మా షాపులో డిసెంబరు రెక్కలకి కొసల్లో తీగ లేకపోతే రెండో ఊరికి వాలిపోతాయి, దేవదూత తడిసిన కాకిలా కనపడతాడు. అయిదు వందల తొంభై ఏళ్ల కిందట ఎవడో ఇదే విసుగుతో తీగ పెట్టాడు.

మర్నాడు షాపులో అటక మీద నుంచి నాన్న బిల్లుబుక్కు తీశాను. "కిరీటాలు 6, ఒకదానికి రాళ్లు లేవు. గద 1, పిడి వదులు. జడ 2, పొడుగుది 1." ఆ రాతకీ ఈ రాతకీ తేడా భాష ఒక్కటే.

ఇంగ్లండులోనే కావెంట్రీ అనే ఊరి జమాఖర్చులు ఇంకా సరదాగా ఉన్నాయి. నరకం నోట్లో మంట ఆరకుండా చూసినవాడికి కూలి. ప్రళయం సీనులో కాల్చడానికి చేయించిన ప్రపంచం బొమ్మలు మూడు, వాటికి నిప్పు పెట్టినవాడికి వేరే కూలి. 1573లో కమ్మరుల సంఘం ఒకే మనిషికి రెండు పద్దులు రాసింది, యూదాని ఉరితీసినందుకు నాలుగు పెన్నీలు, కోడిలా కూసినందుకు నాలుగు పెన్నీలు. కోడి కూతకీ, ఉరికీ ఒకే రేటు.

డబ్బు తీసుకున్నాక ఆట సరిగా ఆడకపోతే ఊరుకునేవాళ్లు కాదు. యార్క్‌లో 1476లో ఒక ఆజ్ఞ వేశారు. ఆటగాళ్లని నలుగురు నిపుణులు ముందే పరీక్షించాలి, గొంతూ ఒళ్లూ సరిపోనివాడిని తీసేయాలి. ఏ నటుడూ ఆ రోజు రెండుసార్లకి మించి వేషానికి ఒప్పుకోకూడదు, ఒప్పుకుంటే నలభై షిల్లింగులు జరిమానా. ఒకే రాత్రి రెండు ఊళ్లలో కాంట్రాక్టులు ఒప్పేసుకుని, తెల్లారి మూడింటికి గొంతు పోయి వచ్చే కృష్ణుళ్లని చూసినవాణ్ణి నేను. ఆ జరిమానా మన దగ్గరా ఉండాల్సింది.

ఇంకో గొడవ. తాపీపని వాళ్లకి మరియమ్మ అంత్యక్రియల మీద ఒక నాటకం వచ్చింది. 1431 ప్రాంతంలో వాళ్లు ఊరిపెద్దల దగ్గర మొరపెట్టుకున్నారు. ఆ కథ బైబిల్లో లేదు, జనం భక్తి మానేసి నవ్వుతున్నారు, కొట్టుకుంటున్నారు, మాకొద్దు అని. కంసాలుల దగ్గర రెండు బండ్ల భారం ఉంది, వాటిలో హేరోదు రాజు ముక్క వీళ్లకి మార్చారు. మార్చమని అడిగితే మార్చారు చూశారా, అది నాకు నచ్చింది.

ఆ క్లాసు ఆఖర్లో సిలువ నాటకం చదివించారు. సూదులు, మేకులు చేసే పనివాళ్ల సంఘానిది. నలుగురు సైనికులు, యేసు. యేసు రెండే రెండుసార్లు మాట్లాడతాడు. మిగతా అంతా సైనికుల పని మాటలు. సిలువకి కన్నాలు దూరంగా పడ్డాయి, చెయ్యి అందట్లేదు. మళ్లీ కన్నం వేద్దామా? ఎందుకు, తాడు కట్టి లాగు, వస్తుంది. ఎత్తేటప్పుడు భుజం జారిపోయిందని ఒకడి ఏడుపు. గుంటలో దింపాక సిలువ ఊగుతుంది, గుంట వెడల్పయింది, చెక్క ముక్కలు దిగ్గొట్టి బిగించు. ఎవడికీ ఆ మనిషి మీద కోపం లేదు. పని తెమలట్లేదని విసుగు, అంతే. పరిషత్ ఆయన, నేను, ఇంజనీరింగ్ పిల్లలిద్దరు చదివాం. నాలుగో పేజీకి వచ్చేసరికి హాల్లో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. సిలువ దగ్గర ఏడ్పించే నాటకాలు మా ఊళ్లో చాలా చూశాను. ఇందులో ఏడుపు లేదు, నాకు మాత్రం గొంతు పట్టేసింది.

ఆరో క్లాసు గురించి చెప్పడానికి పెద్దగా లేదు, ఆ రోజు కరెంటు పోయింది. "మ్యాన్‌కైండ్" అనే నాటకంలో ముక్క ఒకటి గుర్తుంది. 1470కి కాస్త ముందుది. టిటివిలస్ అని పెద్ద తలకాయ దయ్యం వచ్చే ముందు ఆట ఆపేసి, చూడాలంటే డబ్బులు వేయండి అని జనంలో తిరిగి వసూలు చేస్తారు. దేవుడి కోసం కాదు, దయ్యాన్ని చూడ్డానికి. వ్యాపారం తెలిసినవాళ్లు.

ఏడో క్లాసు రద్దని వాట్సాప్‌లో మెసేజ్ వచ్చింది. ఎప్పుడు? ఎనిమిదింబావుకి, నేను రైల్లో ఉండగా. మంగళగిరిలో దిగి, పానకాల స్వామి దర్శనం చేసుకుని ఇంటికి పోయాను. ఆ ఆదివారం డబ్బు తిరిగివ్వలేదు. ఆ పాఠం తెచ్చి ఎనిమిదో దాంట్లో కుక్కేశారు. ఆ పాఠం ఫ్రాన్సు, ఆ చుట్టుపక్కల నాటకాలు. ఆరామ్‌గా చెప్పుకోవాల్సిన సంగతులు. 1437లో మెట్స్ ఊళ్లో యేసు వేషం వేసిన ఫాదరు సిలువ మీద స్పృహ తప్పి చావు దాకా వెళ్లాడు, అదే ఆటలో యూదా వేసిన ఇంకో ఫాదరు ఉరికి ఎక్కువసేపు వేలాడి గుండె ఆగినంత పనయింది. అదే ఊళ్లో 1468లో అద్దాలు బిగించే పనివాడి కూతురు, పద్దెనిమిదేళ్ల పిల్ల, కేథరిన్ అనే భక్తురాలి వేషం వేసింది. రెండువేల మూడొందల చరణాల పాఠం. చూసినవాళ్లలో ఒక పెద్దింటి ఆయన ఆమెని పెళ్లే చేసేసుకున్నాడు. ఇంగ్లండులో ఆడవేషాలు ఎక్కువగా మగవాళ్లే వేసేవాళ్లని అంతకుముందు విన్నప్పుడు నేను మన స్థానం నరసింహారావు గారిని తలుచుకున్నాను. ఈ పిల్ల కథ విన్నాక ఒక్కో ఊరిదీ ఒక్కో పద్ధతని అర్థమైంది. 1501లో మోన్స్‌లో నోవహు వాన కోసం ఇళ్ల కప్పుల మీద సారా పీపాల్లో నీళ్లు దాచి, అయిదు నిమిషాలు ఆగకుండా కురిపించారు. 1547లో వాలెన్సియెన్‌లో నాటకం ఇరవై అయిదు రోజులు నడిచింది, నటులు ముందే ఒప్పందం రాసుకుని, తప్పితే జరిమానా కట్టేవాళ్లు. ఇదంతా నలభై నిమిషాల్లో, పరిగెత్తుతూ.

ఇవన్నీ ఎలా ఆగిపోయాయన్నదీ అలాగే చుట్టేశారు. ఇంగ్లండు క్యాథలిక్ మతం వదిలి ప్రొటెస్టెంటు అయింది, 1548లో కార్పస్ క్రిస్టీ పండుగే తీసేశారు. 1575లో చెస్టర్‌లో నాటకం ఆడించినందుకు మేయర్ సర్ జాన్ సావేజ్‌ని రాణి ప్రభుత్వం పిలిపించి సంజాయిషీ అడిగింది. 1579తో కావెంట్రీలోనూ ఆగిపోయింది. అప్పటికి షేక్‌స్పియర్‌కి పదిహేనేళ్లు, ఊరు దగ్గరే, చూసి ఉండొచ్చు. ఆయన రాతల్లో ఈ నాటకాల్లోని హేరోదు రాజులా అరిచే నటుల మీద ఒక చురక కూడా ఉంది. స్పెయిన్‌లో ఎల్చే ఊళ్లో మాత్రం మధ్యయుగపు పాట నాటకం ఇప్పటికీ ప్రతి ఆగస్టులో చర్చిలోనే పాడుతున్నారు, పైకప్పు నుంచి దేవదూతల్ని తాళ్లతో దించుతారు. సురభి వాళ్లు చూస్తే తాళ్ల సంగతి అడుగుతారు.

చివరి గంట మాత్రం ఆట. వేక్‌ఫీల్డ్ నాటకాల్లో గొర్రెల కాపరులది. చలికి వణుకుతూ, పన్నుల మీద, పెళ్లాల మీద ఏడుస్తూ ముగ్గురు కాపరులు. మాక్ అనేవాడు వాళ్ల గొర్రెని కొట్టేసి ఇంటికి తెస్తాడు. వాడి పెళ్లాం దాన్ని ఉయ్యాల్లో పడుకోబెట్టి గుడ్డ కప్పి, అప్పుడే కన్నట్టు మూలుగుతుంది. కాపరులు వెతకడానికొస్తే, "నేను మిమ్మల్ని మోసం చేస్తే ఈ ఉయ్యాల్లో బిడ్డని తినేస్తా" అని ఒట్టు పెడుతుంది. తినేదే కదా! బిడ్డ చేతిలో డబ్బు పెట్టడం మర్చిపోయామని వెనక్కొచ్చిన కాపరి గుడ్డ తీస్తే, ఇదేంటి, ముక్కు ఇంత పొడుగు! మాక్‌ని దుప్పట్లో వేసి ఎగరేస్తారు. ఆ తర్వాతే దేవదూత పాడతాడు, ముగ్గురూ బెత్లెహేము వెళ్లి నిజం బిడ్డకి చెర్రీ పళ్లు, ఒక పిట్ట, ఒక బంతి ఇస్తారు. మా ఆటలో గొర్రె నా షాపుదే, యూకేజీ సైజు. మాక్ పెళ్లాం వేసింది ఇంజనీరింగ్ పిల్ల. ఆ ఒట్టు డైలాగ్‌కి బ్యాంకు ఆయన కుర్చీలోంచి జారాడు.

వెళ్లాలా వద్దా అంటారా? నాటకంతో ఏ కాస్త సంబంధం ఉన్నా వెళ్లండి, మాస్టారు కాగితం చదివేటప్పుడు ముందు వరుసలో ఉండండి. ఫీజు మొత్తం ముందే కట్టకండి. సగం కట్టి, మిగతా సగం పుస్తకం చేతికొచ్చాక ఇస్తానని చెప్పండి. నీళ్ల సీసా తెచ్చుకోండి.

ఆ రోజు ఆట కోసం గొర్రెతో పాటు రెండు దయ్యం మాస్కులు కూడా పట్టుకెళ్లాను, అడిగారని. వాడలేదు. అక్కడే వదిలేసి వచ్చాను, వచ్చే ఆదివారం పంపిస్తామన్నారు. ఇప్పటికి నాలుగు ఆదివారాలయ్యాయి. నాన్న బిల్లుబుక్కులో ఖాళీ పేజీలు ఇంకా ఉన్నాయి. అందులోనే రాశాను: దయ్యం మాస్కులు 2, తలపాగా గుడ్డ 1, తాడు 1, బెజవాడ, రావాలి.